5 కిలోమీటర్ల నడక... 17 రోజుల అడవి

కారులో ఫోన్ ఉంది. పర్సు ఉంది. మంచినీళ్ల సీసా ఉంది. తాళంచెవిని టైరు మీద దాచిపెట్టి ఉంచారు. ఆమె మాత్రం లేదు.

2019 మే 9. హవాయి దీవుల్లోని మావిలో, మకవావ్ అటవీ ప్రాంతం అంచున ఉన్న పార్కింగ్ స్థలంలో ఆ తెల్ల కారును గుర్తించేసరికి దాని యజమానురాలు ఇంటి నుంచి బయల్దేరి ఒక రోజు దాటిపోయింది. ఆమె వయసు 35 ఏళ్లు. వృత్తి ఫిజికల్ థెరపీ. యోగా నేర్పుతుంది. నడక ఆమెకు అలవాటు. ఆ అడవి కూడా కొత్తది కాదు.

ఎత్తయిన శిఖరాలెక్కే వాళ్ల గాథలు మనం చాలా చదివాం. వాళ్ల వెంట గైడ్లుంటారు, ఆక్సిజన్ ఉంటుంది, నెలల తరబడి సన్నాహం ఉంటుంది. ఈ గాథలో అలాంటివేమీ లేవు. మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావచ్చనుకునే ఓ చిన్న నడక ఇది. అడవి బాటలో ఒక పూట గడిపి వద్దామనుకునే ప్రతి ఒక్కరికీ ఇందులో పనికొచ్చే పాఠం ఉంది.

మే 8, బుధవారం

హవాయి దీవుల్లో వైశాల్యంలో రెండోది మావి. దాని తూర్పు భాగమంతా హలేయకల అగ్నిపర్వతమే. ఎత్తు 3,055 మీటర్లు. ఆ కొండ వాయవ్యపు వాలు మీద 2,093 ఎకరాల్లో మకవావ్ అటవీ రక్షిత ప్రాంతం ఉంది. నీలగిరి, పైన్ చెట్లు ఆకాశాన్నంటుతూ ఉంటాయి. కింద మనిషెత్తున ఫెర్న్ పొదలు. సముద్రం మీంచి వచ్చే మేఘాలు ఆ వాలును తడుపుతూనే ఉంటాయి కాబట్టి నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అడవిలో పేరున్న బాట కహకపావో లూప్ ట్రయల్. మొదలుపెట్టిన చోటికే తిప్పి తెచ్చే చుట్టుదారి అది. సైకిళ్లవాళ్లు, పరుగెత్తేవాళ్లు, కుక్కలతో షికారుకొచ్చేవాళ్లు రోజూ తిరుగుతుంటారు. భయపెట్టే అడవి కాదది. పులులుండవు. ఎలుగుబంట్లుండవు. విషసర్పాలుండవు. అడవి పందులు మాత్రం తిరుగుతుంటాయి.

ఆ వారాంతంలోనే అమెరికాలో మాతృ దినోత్సవం. ఉదయం ఆమె పోస్టాఫీసుకు వెళ్లి తల్లికి కానుక పంపింది. ఆ తర్వాత కారు అడవి వైపు తిప్పింది. ఒంటి మీద చేతుల్లేని పల్చటి బనీను, యోగా ప్యాంటు. నడవాలనుకున్నది 3 మైళ్లు. మన లెక్కలో సుమారు 5 కిలోమీటర్లు. ఎంత తాపీగా నడిచినా రెండు గంటల పని.

ఫోన్ తీసుకెళ్తే మాటిమాటికీ అదే చూడాలనిపిస్తుంది. సీసా ఉంటే ఒక చెయ్యి దానికే సరిపోతుంది. రెండు గంటలకు ఇవన్నీ ఎందుకనిపించడం మానవ సహజం. అన్నీ కారులోనే వదిలి, ఖాళీ చేతులతో చెట్ల నీడలోకి నడిచింది. ఏ బాట పట్టబోతోందో, ఎన్నింటికి తిరిగొస్తుందో కారులో ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

నడిచింది. అలసట అనిపించి కాసేపు దారి పక్కకు జరిగి సేద తీరింది. లేచి వెనక్కి తిరిగింది.

దారి లేదు.

వచ్చిన దిక్కనుకున్న వైపు కొంతదూరం పోయింది. పొదలే. ఇంకో వైపు పోయింది. అక్కడా పొదలే. ఏదో ఒకచోట బాట తగలకపోతుందా అనుకుంటూ ముందుకే నడిచింది. పొద్దు వాలింది. చీకటి పడింది. అప్పటికీ ఆగలేదు. ఆ రోజు వేసిన ప్రతి అడుగూ ఆమెను బాటకు ఇంకాస్త దూరం చేసింది.

అడవి ఎందుకు తిప్పుతుంది?

అలవాటైన అడవిలో ఒక మనిషి నాలుగడుగుల దూరంలోని దారిని ఎలా పోగొట్టుకుంటుందని ఆ రోజుల్లో చాలామంది అనుమానించారు. కారు దొరికిన తీరు చూసి ఎవరో ఎత్తుకెళ్లారనుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి అడవిలో దిక్కు తెలియకపోవడానికి తెలివితక్కువతనంతో పని లేదు. అది మన ఒంటి తీరు.

జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. కొందరిని జర్మనీ అడవిలో, ఇంకొందరిని సహారా ఎడారిలో వదిలి, వీలైనంత తిన్నగా నడవమన్నారు. ఒంటికి జీపీఎస్ పరికరం కట్టారు. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. సూర్యుడు కనిపించినంత సేపూ జనం దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున అడవిలో నడిచినవాళ్లు చుట్టూ తిరిగారు. కొందరైతే తాము అంతకుముందు తొక్కిన దారినే అడ్డంగా దాటుతూ కూడా ఆ సంగతి గమనించలేదు. ఎడారిలో రాత్రి వేళ చంద్రుడున్నంతవరకు తిన్నగా సాగిన నడక, చంద్రుడు మబ్బు చాటుకు పోగానే వంకర తిరిగింది. కళ్లకు గంతలు కట్టినప్పుడు కొందరు తిరిగిన చుట్టు 20 మీటర్ల వెడల్పు కూడా లేదు.

అంటే కంటికో చెవికో ఒక గురుతు ఉండాలి. సూర్యుడో, కొండ కొమ్మో, వాగు చప్పుడో. అది లేకపోతే మనిషి తిన్నగా వెళ్తున్నాననే నమ్మకంతోనే చుట్టూ తిరుగుతాడు. మేఘాలు కమ్మిన మకవావ్ అడవిలో, చెట్ల గుబురు కింద ఆమెకు ఏ గురుతూ దొరకలేదు.

మే 9: మొదలైన గాలింపు

రాత్రి ఇంటికి రాకపోయేసరికి ఆమెతో కలిసి ఉంటున్న స్నేహితుడు మర్నాడు పోలీసులకు చెప్పాడు. కారు దొరికింది. మావి అగ్నిమాపక శాఖ సిబ్బంది అడవిలోకి దిగారు. అక్కడి పద్ధతి ప్రకారం మూడు రోజులు వెతికారు. ఏ ఆనవాలూ లేదు. అధికారికంగా గాలింపు ఆగింది.

ఈ గాథలో తలెత్తుకుని చెప్పుకోవాల్సిన మనుషులు ఇక్కడి నుంచే కనిపిస్తారు. మావి జనం ఆగలేదు. పార్కింగ్ స్థలం దగ్గరే ఒక శిబిరం వెలిసింది. చెట్లు కొట్టే పని తెలిసినవాడు ఒకడు, మాజీ సైనికుడు ఇంకొకడు, ఆ అడవిలో పుట్టి పెరిగిన వేటగాళ్లు, సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులు, వంట చేసి తెచ్చిన ఇల్లాళ్లు. రోజుల తరబడి వందలమంది వచ్చారు. తాళ్లు కట్టుకుని లోయల్లోకి దిగారు. కుక్కల్ని తిప్పారు. డ్రోన్లు ఎగరేశారు. వేటగాళ్లు పందుల్ని కొట్టి, మనిషి ఆనవాళ్లేమైనా ఉన్నాయేమోనని వాటి పేగులు సైతం వెతికారు. ఆ పని చేస్తున్నప్పుడు వాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

వెతికినవాళ్ల ఫోన్లలోని జీపీఎస్ గీతల్ని ప్రతి సాయంత్రం ఒకే పటం మీదికి ఎక్కించారు. ఎక్కడ అడుగు పడిందో, ఎక్కడ పడలేదో పటం చెప్పింది. ఆచూకీ చెప్పినవారికి కుటుంబం 50,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. విరాళాలు పోగుచేసి హెలికాప్టర్లు అద్దెకు తెచ్చారు.

వాళ్లను ఓడిస్తూ వచ్చింది ఒక చిన్న లెక్క. మనిషి కారు నుంచి ఒక కిలోమీటరు లోపల ఉందనుకుంటే వెతకాల్సిన నేల సుమారు 3 చదరపు కిలోమీటర్లు. రెండు కిలోమీటర్లయితే 12న్నర. నాలుగు కిలోమీటర్లయితే 50. దూరం రెట్టింపైతే నేల నాలుగింతలవుతుంది. ఏ వైపు వెళ్లిందో ఒక్క మాట తెలిసి ఉంటే ఈ చక్రంలో ముప్పాతిక భాగం మొదటి రోజే కొట్టేయవచ్చు. ఆ ఒక్క మాట ఎవరి దగ్గరా లేదు.

అక్కడ, అడవి లోపల

మూడో రోజు ఆమె ఒక కొండ అంచు నుంచి జారి 20 అడుగుల కింద పడింది. కాలి ఎముక చిట్లింది. మోకాలు దెబ్బతింది. అప్పటిదాకా దారి వెతుక్కున్న మనిషి ఇక ప్రాణం నిలుపుకోవడం ఎలాగో వెతుక్కోవాల్సి వచ్చింది.

మర్నాడు తడిసిన బూట్లను ఆరబెట్టుకుంది. పైనెక్కడో కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పొంగి బూట్లను లాక్కుపోయింది. చిట్లిన కాలితో, చెప్పుల్లేకుండా, రాళ్ల మీద పాకింది. ఆకలేస్తే కంటబడిన అడవి పండ్లు కోసుకుంది. హవాయి అడవుల్ని ఆక్రమించేసిన కలుపు మొక్క ఎర్ర జామ. స్థానిక వృక్షాలకు అది శత్రువు. ఆ పదిహేడు రోజులూ ఆమెకు అన్నం పెట్టిన వాటిలో అదొకటి. ఒంటి మీద వాలిన చిమ్మటలనూ నోట్లో వేసుకుంది. తేటగా కనిపించిన చోట వాగు నీళ్లు తాగింది. హవాయి వాగుల నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి కాచకుండా తాగొద్దని అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిస్తుంది. కాచుకోవడానికి ఆమె దగ్గర అగ్గిపుల్ల కూడా లేదు.

రాత్రిళ్లు చలి. వానతో తడిసిన పల్చటి బట్టలు ఒంట్లో వేడిని పీల్చేస్తాయి. ఫెర్న్ మట్టలు, ఎండుటాకులు ఒంటి మీద కప్పుకుంది. ఒక రాత్రి అడవి పంది విడిచిన బొరియలో తలదాచుకుంది. పగలు వాగు బండల మీద ఎండ. చర్మం కమిలి, కాళ్ల మీది పుండ్లు చీము పట్టాయి.

అన్నిటికన్నా కఠినమైనది ఇంకొకటి. ఆమెకు హెలికాప్టర్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలెత్తి చూస్తే కనిపిస్తూనే ఉన్నాయి. చేతులూపింది. అరిచింది. అవి నేరుగా నెత్తి మీదుగా పోయాయి. ఆకుల గుబురు కింద, మట్టి రంగు పట్టిన ఒక సన్నటి మనిషి ఆకాశం నుంచి చూసేవాళ్లకు కనపడదు. ఎర్రటిదో నారింజరంగుదో ఒక గుడ్డ ముక్క, తళుక్కుమనే చిన్న అద్దం ఆ క్షణాన ఉండి ఉంటే ఎన్నో రోజుల యాతన తప్పేది.

మే 24, శుక్రవారం

వెతికిన పటంలో మిగిలిన ఖాళీలన్నీ కారుకు చాలా దూరంలో ఉన్నాయి. గాయపడిన మనిషి అంత దూరం వస్తుందా అన్న అనుమానాన్ని పక్కన పెట్టి, ఆ మధ్యాహ్నం ముగ్గురు స్వచ్ఛంద సేవకులు హెలికాప్టర్‌లో ఇంకా ముందుకు పోయారు. ఇంధనం తగ్గుతోంది. ఇక వెనక్కి తిరగాలనుకుంటున్న సమయంలో, కైలువా జలాశయం పై భాగాన, రెండు జలపాతాల నడుమ లోతైన వాగులో ఏదో కదిలింది.

ఒక ఆడమనిషి రెండు చేతులూ ఊపుతోంది.

లోపలున్నవాళ్లు ఒకరినొకరు పట్టుకుని కేకలు పెట్టారు. దిగి వెళ్లి ఆమెను చేరుకున్నారు. కారుకు మైళ్ల దూరంలో, 17వ రోజున, ఆమె ప్రాణాలతో దొరికింది. హెలికాప్టర్‌లోనే ఆసుపత్రికి తరలించారు. తొమ్మిది కిలోల దాకా బరువు తగ్గింది. కాలు, చర్మం నయం కావడానికి చికిత్స కావలసి వచ్చింది. మనిషి దక్కింది.

అదే వారం, అదే దీవి

ఇక్కడితో ఆపేస్తే ఇదొక అద్భుతంగా మిగిలిపోతుంది. మావి జనానికి ఆ అవకాశం దొరకలేదు. ఆమె దొరకడానికి నాలుగు రోజుల ముందు, మే 20న, దీవి పడమటి భాగంలోని ఇయావ్ లోయ మీది కొండ బాటకు వెళ్లిన మరో వ్యక్తి తిరిగి రాలేదు. అతనికీ 35 ఏళ్లే. ఆమె కోసం వెతికిన స్వచ్ఛంద సేవకులు వెంటనే అటు కదిలారు. అవే చేతులు, అదే పట్టుదల, అదే పద్ధతి. మే 29న ఒక నిటారు వాలు కింద అతని మృతదేహం కనిపించింది.

ఒక ఇంట పండగ, ఒక ఇంట చావు. గాలింపు ఎంత గొప్పదైనా అది రెండో మార్గమే. మొదటి మార్గం మన చేతుల్లో ఉంది. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని చేసుకునే ఏర్పాటు అది. ఆరోగ్యం, అనుభవం, స్థలంతో పరిచయం ఇవేవీ దానికి బదులు కావు. ఆమెకు అవి మూడూ ఉన్నాయి.

చుట్టుబాటలో దాగిన ప్రమాదం

లూప్ ట్రయల్ అనగానే ధైర్యం వస్తుంది. నడుస్తూ పోతే వచ్చిన చోటికే చేరతాం కదా అనిపిస్తుంది. ఆ ధైర్యమే ముంచుతుంది. వెళ్లిన దారినే తిరిగొచ్చే నడకలో ప్రతి మలుపునూ రెండుసార్లు చూస్తాం. తేడా వస్తే పట్టుకుంటాం. చుట్టుబాటలో చివరిదాకా అంతా కొత్తే. తప్పు మలుపు తిరిగినా అది తప్పని చెప్పే పాత గురుతు ఉండదు. సగం దాటాక ఇంకో తంటా. ముందుకు పోవడం దగ్గరో, వెనక్కి రావడం దగ్గరో తెలియదు. ఇంకో పది నిమిషాల్లో దారి కలుస్తుందనే ఆశ మనిషిని వెనక్కి తిరగనివ్వదు.

న్యూజిలాండ్‌లో 2016 ఏప్రిల్ 26న జరిగింది చూడండి. రాజధాని వెల్లింగ్టన్‌కు ఉత్తరాన టరరువా ఫారెస్ట్ పార్కు ఉంది. అందులో 1,102 మీటర్ల కపకపనుయి శిఖరం మీదుగా పోయి తిరిగొచ్చే చుట్టుబాటకు ఒక అమెరికన్ తల్లి, ఆమె కూతురు వెళ్లారు. తల్లికి 45, కూతురికి 22. ఒక్కరోజు నడకనే అనుకున్నారు. ఆ దేశంలో అడవి బాట పొడుగునా చెట్లకు నారింజరంగు త్రికోణపు గురుతులు కొట్టి ఉంటాయి. వాళ్లకు ఆ గురుతులు తప్పిపోయాయి. నాలుగు రాత్రులు అడవిలోనే. ఉన్న కొద్ది తిండినీ పంచుకుని తిన్నారు. వాగు నీళ్లు తాగారు. కూతురు నీరసించిపోతే తల్లి వీపు మీద మోసింది. ఖాళీ జాగాలో ఫెర్న్ మట్టలు పేర్చి సాయం చేయమని పెద్ద పెద్ద అక్షరాలు దిద్దింది. ఏప్రిల్ 30న ఆ అక్షరాలు హెలికాప్టర్ పైలట్ కంట పడ్డాయి. ఇద్దరూ బతికారు.

మావిలో బాట తప్పిన మనిషి కదులుతూ పోయింది కాబట్టి వెతికేవాళ్ల పటం ఆమెను అందుకోవడానికి పదహారు రాత్రులు పట్టింది. న్యూజిలాండ్ తల్లి ఆకాశానికి కనిపించే జాగా చూసి గురుతు పెట్టింది. గురుతే వాళ్లను పట్టిచ్చింది. 1981లో కాలిఫోర్నియాలోని పాలోమర్ కొండ మీద తొమ్మిదేళ్ల పిల్లవాడు అన్నదమ్ములతో నడుస్తూ తప్పిపోయి చనిపోయాడు. ఆ దుఃఖంలోంచే, తప్పిపోయానని తెలిసిన క్షణాన ఒక చెట్టును కావలించుకుని అక్కడే ఉండిపొమ్మని పిల్లలకు నేర్పే కార్యక్రమం అమెరికాలో పుట్టింది. పిల్లలకు చెప్పే ఈ పాఠం పెద్దలకూ అంతే అవసరం.

ముందు రోజు రాత్రి చేయాల్సిన పని

ఒక్కరోజు నడకకు ఏర్పాటు ఎలా ఉండాలి? దీనికి గంట చాలు.

మొదట కాలం లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట. ఆ పైన, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 600 మీటర్ల ఎక్కుడున్న 12 కిలోమీటర్ల చుట్టుబాట అనుకుందాం. సూత్రం ప్రకారం మూడున్నర గంటలు. అది గట్టి కాళ్ల లెక్క. పిల్లలు, ఫొటోలు, భోజనం, ఎండ కలిపితే ఆరు గంటలు వేసుకోవాలి. ఉదయం 7కి బయల్దేరితే 10కల్లా సగానికి రావాలి. 11 అయినా సగం రాలేదంటే వచ్చిన దారినే వెనక్కి. ఆ వెనక్కి తిరిగే గంటను ఇంట్లోనే నిర్ణయించుకోవాలి. అడవిలో నిర్ణయించుకుందామంటే అప్పటికి ఆశ మన తరఫున మాట్లాడుతుంటుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఊళ్లో పొద్దు గూకే వేళ కన్నా చాలా ముందే చెట్ల కింద చీకటి పడుతుంది.

తర్వాత బాట. పటాన్ని ఫోన్‌లో నెట్ లేకపోయినా తెరుచుకునేలా దించుకోండి. కాగితం మీద ఒక ప్రతి తీసుకోండి. బాట చీలే చోట్లు ఎన్నో, ఎక్కడెక్కడో గుర్తించి పెట్టుకోండి. నడిచేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఒక నిమిషం ఆగి వెనక్కి తిరిగి చూడండి. తిరిగొచ్చేటప్పుడు అది ఎలా కనిపిస్తుందో కంటికి పట్టించుకోవడమే ఆ నిమిషం పని. సేద తీరాలంటే బాట మీదే కూర్చోండి. పక్కకు వెళ్లక తప్పకపోతే తోడున్నవాళ్లను బాట మీదే నిలబెట్టి వెళ్లండి. ఒంటరిగా ఉంటే సంచీని బాట మీద కనిపించేలా పెట్టి, అది కంటికి ఆనేంత దూరమే వెళ్లండి.

సంచీలో ఏముండాలో అమెరికాలోని సియాటిల్ పర్వతారోహకుల సంఘం ‘ది మౌంటెనీర్స్’ 1930ల నుంచీ చెబుతూ వస్తోంది. పటం, దిక్సూచి, తల దీపం, ఎండ నుంచి రక్షణ, ప్రథమ చికిత్స సామాను, చాకు, అగ్గి, తల దాచుకునే పట్టా, అదనంగా తిండి, అదనంగా నీళ్లు, అదనంగా బట్టలు. వీటికి ఒక ఈల కలపండి. గొంతు గంటలో పోతుంది. ఈల రోజంతా మోగుతుంది. మూడుసార్లు ఊది ఆగడం అమెరికాలో ఆపద సంకేతం. ఇవన్నీ కలిపి ఒక చిన్న సంచీ బరువు. ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో ఉంటే ఛార్జి నిలుస్తుంది. ఆపదలో ఆ మోడ్ తీసి ప్రయత్నించండి, కాల్ వెళ్లని చోట కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం. ఎవరెవరం వెళ్తున్నాం. ఏ బాట. ప్రదక్షిణంగానా, అపసవ్యంగానా. బండి ఎక్కడ పెడతాం, దాని నంబరు. ఒంటి మీద బట్టల రంగు. ఎన్నింటికి తిరిగొస్తాం. ఎన్ని గంటలకల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. ఇంట్లో ఒకరికి ఇచ్చి, చదివించి, ఆ చివరి గంట దగ్గర మొహమాటపడకుండా ఫోన్ చేయమని మాట తీసుకోవాలి. కొత్త ఊరైతే గది అద్దెకిచ్చినవాళ్లకు ఇవ్వండి. మావిలో వందలమంది రెండు వారాలకు పైగా వెతికింది ఈ ఏడు వాక్యాల కోసమే.

మన దగ్గర

తలకోన, మారేడుమిల్లి, అనంతగిరి. వారాంతాల్లో మన కుర్రకారు సంచీ తగిలించుకుని అడవి బాట పడుతున్నారు. మంచిదే. అడవిని ప్రేమించే తరం తయారవ్వాలి. కానీ మకవావ్‌లో లేనివి మన అడవుల్లో ఉన్నాయి. నల్లమలలో పెద్దపులులున్నాయి. శేషాచలంలో చిరుతలు, ఎలుగుబంట్లు, ఏనుగులు తిరుగుతాయి. నాగుపాము, రక్తపింజరి ఎక్కడైనా ఉంటాయి. అటవీ శాఖ అనుమతి లేని బాటలో అడుగు పెట్టడం చట్టరీత్యా నేరమే కాదు, మన కోసం వెతికే సిబ్బంది ప్రాణాలను కూడా పణంగా పెట్టడం. స్థానిక గిరిజన యువకుణ్ని దారి చూపడానికి తీసుకెళ్లండి. అతనికి ఉపాధి, మీకు రక్షణ. ఆపద వస్తే 112కి ఫోన్ చేయండి. సిగ్నల్ దొరక్కపోతే ఉన్నచోటే ఉండి, ఆకాశానికి కనిపించే గురుతు పెట్టండి.

అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు సెలవు దొరికితే హైకింగే. శనివారం ఫోన్‌లో ‘అమ్మా, రేపు ట్రయల్‌కు వెళ్తున్నాం’ అంటారు. జాగ్రత్త నాన్నా అని ఊరుకోకండి. ఏ బాట, ఎవరెవరు, ఎన్నింటికి దిగుతారు, నీ ఫోన్ రాకపోతే నేను ఎవరికి చేయాలి అని అడగండి. విసుక్కున్నా సరే, నంబర్లు రాయించుకోండి. వేల మైళ్ల దూరంలో ఉన్న తల్లిదండ్రులు చేయగలిగిన రక్షణ అదొక్కటే, అది చాలా పెద్ద రక్షణ.

వచ్చే ఆదివారం మీరే ఏదైనా అడవి బాటకు వెళ్లాలనుకుంటుంటే, బూట్లు కొనే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఆ ఏడు వాక్యాలూ రాసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. అది ఇచ్చాకే గడప దాటండి.